‘వెలి’ అనే మాట: ఒంగోలు నుంచి నేటాల్ దాకా

ఈసారి ఒక చిన్న మాటతో మొదలుపెడతాను. ఆ మాట ‘వెలి’.

నిఘంటువులో చూస్తే వెలి అంటే బయట అని ఉంది. వెలుపల అనే మాటలో ఉన్నది కూడా ఇదే. కానీ వెలివేయడం, వెలివాడ అనే మాటల్లోకి వచ్చేసరికి ఇది ఉత్త దిక్కును చెప్పే మాటగా ఉండదు. ఎవరో లోపల ఉండి, ఇంకొకరిని బయట పెట్టారని చెప్పే మాట అవుతుంది. నేను ఇంగ్లీషు బడిలో చదువుకున్నదాన్ని. యాభై ఏళ్ళు దాటాక తెలుగు కూడబలుక్కొని చదవడం మొదలుపెట్టాను. అప్పుడే ఈ మాట నాకు ఎదురైంది. ఎదురైన వెంటనే మా అమ్మమ్మ వంటింట్లో ఉండే ఒక ఎనామిల్ గ్లాసు గుర్తొచ్చింది.

డర్బన్‌కు ఉత్తరాన చెరకు తోటల దగ్గర మా అమ్మమ్మ ఇల్లు. పక్క ఇంట్లో ఒక పెద్దావిడ ఉండేది. ఆవిడను మేమందరం అవ్వా అనే పిలిచేవాళ్ళం. అవ్వ వాళ్ళు బాప్టిస్టులు. రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి వెనక మెట్ల మీద కూర్చొని టీ తాగేది. ఆవిడకు నీలం అంచున్న ఎనామిల్ గ్లాసులో టీ ఇచ్చేవాళ్ళు. ఆ గ్లాసు మా గ్లాసులతో కలవదు. కిటికీ పక్కన మేకుకు వేలాడుతుండేది. వాళ్ళు క్రైస్తవులు కాబట్టి అలా ఇస్తున్నారని చిన్నప్పుడు అనుకున్నాను. పెద్దయ్యాక మా అమ్మను అడిగితే, అసలు కారణం అది కాదని చెప్పింది. అవ్వ వాళ్ళ పెద్దలు ఇండియాలో మాదిగపల్లె వాళ్ళట. సముద్రం దాటి నూరేళ్ళయినా ఆ గ్లాసు మాత్రం దాటలేదు.

నేను మొదట గుర్తుపట్టిన తెలుగు అక్షరాలు అవ్వ తెలుగు బైబిల్లోవే. ఆవిడ వేలు పెట్టి చూపిస్తే ‘అ’, ‘ఆ’ అని పలికేదాన్ని. ఇప్పుడు నేను గుడిలో సేవ చేస్తున్నాను, వారానికి ఒకసారి పిల్లలకు తెలుగు చెబుతున్నాను. ఆ తెలుగుకు మొదటి గురువు మా ఇంటి మెట్ల మీద వేరే గ్లాసుతో కూర్చున్న మనిషి. అందుకే అవ్వ వాళ్ళ కథ ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలనిపించింది. వెతుక్కుంటూ పోతే ఒంగోలు చేరాను.

ఒంగోలుకు ముందు

అమెరికా బాప్టిస్టులు నెల్లూరులో 1840లో పని మొదలుపెట్టారు. మొదట వచ్చినాయన శామ్యూల్ డే. ఆ తర్వాత 1849లో లైమన్ జ్యూవెట్ వచ్చారు. ఏళ్ళు గడిచినా చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. 1853లో అమెరికాలో పెద్దలు కూర్చొని, ఈ నెల్లూరు పని మూసేద్దామా అని చర్చించారు కూడా. మూయలేదు. 1854 జనవరి 1న తెల్లవారుజామున జ్యూవెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగువాళ్ళు ఒంగోలులో ఒక కొండ ఎక్కి ప్రార్థన చేశారు. ఈ ఊరికి ఒక మనిషిని పంపమని వాళ్ళు అడిగారు. ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అంటారు.

ఆ మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఆయన పేరు జాన్ ఎవరెట్ క్లౌ. పుట్టింది 1836లో, న్యూయార్క్ రాష్ట్రంలో. చిన్న వయసులో మిన్నెసోటాలో భూమి సర్వే పని చేశాడు. గొలుసు పట్టి అడవులు కొలిచిన మనిషి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది. 1865లో మద్రాసులో దిగి, నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866లో ఒంగోలు చేరాడు.

అప్పటి మిషనరీల్లో చాలామందికి ఒక లెక్క ఉండేది. ముందు పై కులాల పిల్లలకు మంచి బడి పెట్టాలి, వాళ్ళు మారితే కింది వాళ్ళు వాళ్ళ వెనకే వస్తారు అని. మచిలీపట్నంలో రాబర్ట్ నోబుల్ అనే ఇంగ్లీషు మిషనరీ 1843లో అలాంటి బడే పెట్టాడు. చాలా పేరున్న బడి. అందులో అంటరానివాళ్ళనే పేరు పడ్డ కులాల పిల్లల్ని చేర్చుకోలేదు. చేర్చుకుంటే మిగతావాళ్ళు పోతారని భయం. క్లౌ కూడా మొదట్లో ఇలాంటి ఆలోచనతోనే ఉన్నాడు. ఒంగోలులో బడి పెడితే బ్రాహ్మణుల పిల్లలు, మిగతా పై కులాల పిల్లలు వచ్చారు. ఆయనకు సంతోషమే.

పేరయ్య వెతుకులాట

ఈ కథను చాలామంది ‘దొర వచ్చాడు, పల్లెను ఉద్ధరించాడు’ అని చెబుతారు. నేను కూడా అలాగే విన్నాను. చదివాక తెలిసింది, వెతికింది దొర కాదు, యర్రగుంట్ల పేరయ్య.

పేరయ్య మాదిగ. ఊరు తాళ్ళకొండపాడు, ఒంగోలుకు నలభై మైళ్ళ దూరం. తోళ్ళ వ్యాపారం. చదువు లేదు, కానీ జ్ఞానం మీద ఆకలి ఉంది. ఆ రోజుల్లో పల్లెల్లో పోతులూరి వీరబ్రహ్మం గారి బోధలు, నాసరయ్య అనే గురువు శిష్యుల మాటలు తిరుగుతుండేవి. గుడి తలుపులు మూసి ఉన్నా గురువుల మాటలు గోడలు దాటేవన్నమాట. పేరయ్య కూడా యోగం నేర్చుకొన్నాడు. ఆయనకు నేర్పింది ఒక స్త్రీ. తర్వాత తానే గురువై శిష్యులకు చెప్పేవాడు. ఈ వివరాలన్నీ క్లౌ రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో అచ్చువేసిన పుస్తకంలో ఉన్నాయి. ఆ ఇంగ్లీషు పేరును మన మాటల్లో చెబితే ‘చెప్పులు కుడుతూ’ అవుతుంది. ఆవిడ పల్లె పెద్దలను కూర్చోబెట్టి, వాళ్ళు చెప్పినవి విని రాసింది.

తోళ్ళ పని మీద ఉత్తరానికి వెళ్ళినప్పుడు పేరయ్య ఏలూరులో ఒక మిషనరీ మాటలు విన్నాడు. తాను వెతుకుతున్నది ఇదేనేమో అనుకున్నాడు. ఇంటికొచ్చి భార్య నాగమ్మకు చెప్పాడు. ఒంగోలుకు తెల్లవాళ్ళు వస్తున్నారని తెలిసి నడిచి వెళ్ళి కలిశాడు. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. ఎవరూ ఆయన్ని పిలవలేదు. తనే వెళ్ళాడు. తర్వాత తిరిగి వచ్చి తన చుట్టాలను, శిష్యులను పిలిచాడు.

1867 జనవరి 1న ఒంగోలు సంఘం మొదలైంది. సభ్యులు ఎనిమిది మంది. అదే నెలలో పేరయ్య పిలిస్తే క్లౌ తాళ్ళకొండపాడు వెళ్ళాడు. చుట్టుపక్కల పల్లెల నుంచి జనం తిండి మూట కట్టుకొని వచ్చి, రోజుల తరబడి అక్కడే ఉండి విన్నారు. 28 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ మాదిగలే. క్లౌ ఆలోచన పైనుంచి కిందికి. జరిగింది మాత్రం కిందినుంచి.

బడిలో జరిగింది

ఇక్కడే అసలు పరీక్ష వచ్చింది. పల్లె వాళ్ళు చేరారన్న మాట ఒంగోలులో పాకింది. వాళ్ళ పిల్లలు కూడా చదువు కోసం వచ్చారు. అప్పుడు ఊరి పెద్దలు క్లౌతో చెప్పినదాని సారాంశం ఇది: వీళ్ళను పంపెయ్యండి, మేము, మా పిల్లలు మీతో ఉంటాం. వీళ్ళు ఉంటే మేము ఉండం.

ఇది బెదిరింపు అనుకోవడం సులువు. నాకు మాత్రం అది బేరంలా కనిపిస్తుంది. వాళ్ళు ఇవ్వజూపింది చిన్న విషయం కాదు. ఊళ్ళో గౌరవం, చదువుకున్నవాళ్ళు, బడి, డబ్బు, అధికారుల దగ్గర పలుకుబడి, అన్నీ వాళ్ళ వైపే ఉన్నాయి. ఇటువైపు చూస్తే చెప్పులు కుట్టే 28 మంది. ఏ లెక్కన చూసినా వాళ్ళను కొన్నాళ్ళు ఆగమనడమే తెలివైన పని. నోబుల్ లాంటి మంచి మనిషి కూడా అలాగే లెక్కవేసుకొన్నాడు.

క్లౌ తన జీవితకథలో ఈ ఘట్టాన్ని చెప్పుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక బైబిల్ తెరిస్తే, పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరం మొదటి అధ్యాయం కనబడిందట. అందులో పౌలు వాళ్ళకు ఒక సంగతి గుర్తుచేస్తాడు. మీలో పెద్ద కులంలో పుట్టినవాళ్ళు, జ్ఞానులు, బలవంతులు ఎక్కువ మంది లేరు, లోకం తీసిపారేసిన వాళ్ళనే దేవుడు ఎంచుకున్నాడు అని. ఆ సంగతి చెబుదామని భార్య హ్యారియెట్ దగ్గరకు వెళ్తే, ఆవిడ కూడా వేరే గదిలో అదే అధ్యాయం చదువుతూ కనబడిందట. దీన్ని మహిమ అనేవాళ్ళు ఉన్నారు. నేను హిందువును. దానికి పేరు పెట్టే పని నాది కాదు. నాకు ముఖ్యమనిపించింది తర్వాత జరిగిన సంగతి.

క్లౌ పల్లె పిల్లలను పంపలేదు. పై కులాల పిల్లలు బడి మానేశారు. ఆయన ఎంతో ఇష్టంగా కట్టుకున్న పని చేజారిపోయింది. ఆయన పోనిచ్చాడు.

వెలి పడ్డవాళ్ళను లోపలికి రమ్మనడం గురించి మనం చాలా తీయగా మాట్లాడుకుంటాం. తలుపు తెరవడం ఒక్క నిమిషం పని. తెరిచినందుకు ముందే లోపల ఉన్నవాళ్ళు లేచి వెళ్ళిపోతుంటే, ఆ తలుపు మళ్ళీ మూయకుండా ఉండటమే కష్టం. ఒంగోలు కథలో నాకు నిలిచిపోయిన సంగతి ఇదే.

పల్లె చెల్లించిన ధర

క్లౌకు బడి పోయింది. పల్లె వాళ్ళకు పోయినవి అంతకంటే ఎక్కువ.

ఊరికి, పల్లెకు మధ్య ఒక ఏర్పాటు ఉండేది. మాదిగలు రైతులకు చెప్పులు కుట్టాలి, మోట బావులకు తోలు బొక్కెనలు చెయ్యాలి, జాతరలో డప్పు కొట్టాలి, చచ్చిన గొడ్డును మోసుకెళ్ళాలి. బదులుగా కోతల్లో కొంత ధాన్యం దక్కేది. చచ్చిన గొడ్డు మాంసం వాళ్ళ తిండి. ఇది ఒప్పందం కాదు, తరాలుగా వచ్చిన కట్టుబాటు. కాదంటే బతుకు లేదు.

కొత్తగా చేరినవాళ్ళకు క్లౌ పెట్టిన నియమాలు మూడు. ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడటానికి ఇవి మతం సంగతుల్లా ఉన్నాయి. కానీ ఈ మూడూ పాటిస్తే ఊరి కట్టుబాటు మొత్తం కదిలిపోతుంది. ఆదివారం కూలికి రాను, గొడ్డు ముట్టను, జాతరకు డప్పు కొట్టను అంటే ఊరి పెద్ద ఊరుకుంటాడా? చాలా ఊళ్ళలో బావి నీళ్ళు బంద్ చేశారు. చాకలి, మంగలి రాకుండా చేశారు. గొడ్లను బందెలదొడ్డికి తోలారు. అబద్ధపు కేసులు పెట్టారు. ముందే వెలిలో ఉన్నవాళ్ళను రెండోసారి వెలివేశారన్నమాట.

అయినా సంఖ్య పెరుగుతూ పోయింది. కారణం దొర ప్రసంగాలు మాత్రమే కాదు. చుట్టరికం. పేరయ్య లాంటి వాళ్ళు అత్తగారి ఊరికి, చెల్లెలి ఊరికి, తోళ్ళు కొనే ఊరికి వెళ్ళి, రాత్రి పని అయ్యాక దీపం దగ్గర కూర్చొని మాట్లాడేవాళ్ళు. ఒక ఇల్లు కాదు, బంధువులంతా కలిసి నిర్ణయించుకొనేవాళ్ళు. చదువు రానివాళ్ళు చదువు నేర్చుకొని, రామాపట్నం సెమినరీకి వెళ్ళి, బోధకులై తిరిగొచ్చేవాళ్ళు. ఊరి గుడిలో పూజారిని తాకలేని మనిషి తన పల్లెలో తానే గురువయ్యాడు. గుడిలో పనిచేసే దాన్ని కాబట్టి ఈ వాక్యం రాయడానికి నాకు కొంత సమయం పట్టింది.

ధాత కరువు

1876లో వానలు పోయాయి. తెలుగు సంవత్సరాల్లో అది ధాత. అందుకే పెద్దలు దాన్ని ధాత కరువు అనేవాళ్ళు. 1878 దాకా సాగింది. దక్షిణ దేశంలో 50 లక్షలకు పైగా జనం పోయారని అంచనా. సర్కారు కరువు పనుల్లో కూలి ఎంత తగ్గించారంటే, 1877లో మగవాడికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆ కూలితో రోజంతా మట్టి తవ్వాలి.

అప్పుడు మద్రాసు గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్. తీరం వెంట పడవల కాలువ తవ్వించే పనిని కరువు పనిగా పెట్టారు. అదే బకింగ్‌హామ్ కాలువ. క్లౌ అందులో మూడున్నర మైళ్ళ ముక్కకు కాంట్రాక్టు తీసుకున్నాడు. మిన్నెసోటాలో నేర్చిన సర్వే పని ఇక్కడ అక్కరకొచ్చింది. మేస్త్రీలుగా తన బోధకులనే పెట్టాడు. మిగతా చోట్ల పల్లె వాళ్ళు కూలికి వెళ్తే మేస్త్రీ తిట్లు, కొట్లు, కూలిలో కోతలు. ఇక్కడ మేస్త్రీ తమవాడే. సాయంత్రం పక్కన కూర్చొని పేరు పెట్టి పిలిచే మనిషి. వేల మంది వచ్చి తవ్వారు.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. అన్నం కోసమే మతం మారారా?

క్లౌకు కూడా ఈ అనుమానం ఉంది. అందుకే కరువు పని జరిగినన్నాళ్ళు, పదిహేను నెలల పాటు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఎంతమంది అడిగినా ఇవ్వలేదు. 1878లో సహాయం పని ముగిశాక, జూన్ నెలలో బోధకులను ఒంగోలుకు పది మైళ్ళ దూరంలో, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో కలవమన్నాడు. కొత్తవాళ్ళను తీసుకురావద్దని చెప్పాడు కూడా. జనం మాత్రం వేలల్లో వచ్చేశారు. ఇక ఇచ్చేది ఏమీ లేదని చెప్పాడు. వాళ్ళు అడుగుతున్నది డబ్బు కాదన్నారట. కాలువ తవ్వి బొబ్బలెక్కిన చేతులు చూపించారట. మా కష్టంతో మేము బతుకుతాం, పంట మళ్ళీ పోతే చనిపోతాం, కానీ క్రైస్తవులుగా చనిపోతాం అన్నది వాళ్ళ మాటల సారం.

జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది. మూడు రోజుల్లో 3,536 మంది గుండ్లకమ్మలో బాప్తిస్మం తీసుకున్నారు. నీళ్ళలో నిలబడింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇద్దరిద్దరు దిగి, అలసిపోతే తర్వాత ఇద్దరు. జులై 3న క్లౌ ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇవ్వలేదు. ఒడ్డున నిలబడి చూశాడు. చరిత్రలో ఈ సంఖ్యలే పెద్ద అక్షరాలతో రాస్తారు. నాకు మాత్రం ఆ ఆరుగురి చేతులు కనబడతాయి. ఊరి బావి గట్టు తాకనివ్వని చేతులు, ఏటి నీళ్ళలో మనుషులను ఎత్తి నిలబెడుతున్నాయి.

అన్నం కోసమేనా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. ఆకలి కూడా ఉండి ఉంటుంది, ఎందుకు ఉండదు? కానీ ఆ ప్రశ్న ఎప్పుడూ పల్లె వాళ్ళనే ఎందుకు అడుగుతాం? మా ముత్తాత కూలి కోసం ఓడ ఎక్కాడు. ఆయన్ని ఎవరూ తప్పు పట్టలేదు.

సంఘంలోనూ గోడలు

కథ ఇక్కడ ఆపేస్తే అది అబద్ధం అవుతుంది. క్రైస్తవంలో చేరగానే వెలి పోలేదు. మాలలు, మాదిగలు చాలా చోట్ల వేరు వేరు సంఘాలుగానే ఉండిపోయారు. ఒక పల్లె ఒక మిషన్‌లో చేరితే, పక్క పల్లె ఇంకో మిషన్‌లో చేరేది. పై కులాల నుంచి వచ్చినవాళ్ళు తమ కులం తమతోనే తెచ్చుకొన్నారు.

1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా క్రైస్తవ ఇంట పెరిగి, పద్యం నేర్చి, మహాకవి అయినా, కవుల సభల్లో కులం అడిగి అవమానించినవాళ్ళు ఉన్నారు. ఆయన 1941లో రాసిన గబ్బిలం కావ్యంలో ఒక పేదవాడు తన మొర శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. గుడిలోకి తనకు ప్రవేశం లేదు, గబ్బిలానికి ఉంది. గుడిలో రోజూ పనిచేస్తూ, పైన గబ్బిలాలను తోలించే ఏర్పాట్లు చూసే మనిషిగా, ఆ సంగతి తెలిసిన రోజు నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

1950లో భారత ప్రభుత్వం షెడ్యూల్డ్ కులాల జాబితా ఉత్తర్వు ఇచ్చింది. హిందువులు కానివాళ్ళకు ఆ హోదా లేదని అందులో ఉంది. తర్వాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. ఊరు మాత్రం మతం మారినా వాళ్ళ కులం మరిచిపోలేదు. అదే 1950లో మా దక్షిణాఫ్రికాలో రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి ప్రతి మనిషి జాతిని కాగితం మీద రాసింది. రెండోది ఏ జాతి ఎక్కడ ఉండాలో గీత గీసింది. ఆ గీతల వల్ల మా వాళ్ళూ, అవ్వ వాళ్ళూ ఒకే లారీ వెనక సామాన్లు వేసుకొని కొత్త ఊరికి వచ్చారు. తెల్లవాళ్ళ లెక్కలో మేమిద్దరం ఒకటే. బయటివాళ్ళం. అయినా కొత్త ఇంట్లో కిటికీ పక్కన మేకు కొట్టారు, గ్లాసు వేలాడదీశారు.

నేటాల్‌లో

మద్రాసు నుంచి మొదటి ఓడ ట్రూరో 1860 నవంబర్ 16న డర్బన్ చేరింది. 1911 దాకా గిరిమిట్ కూలీలుగా వచ్చినవాళ్ళు మొత్తం 1,52,184 మంది. వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది, ఆ తెలుగువాళ్ళలో బాప్టిస్టులూ ఉన్నారు. వాళ్ళకు ఇక్కడ తెలుగులో ప్రార్థన చేయించేవాళ్ళు లేరు. అప్పుడు ఆంధ్ర దేశంలోని తెలుగు బాప్టిస్టులే డబ్బు పోగుచేసి ఒక మనిషిని పంపారు. ఆయన నెల్లూరుకు చెందిన జాన్ రంగయ్య. 1903లో కుటుంబంతో డర్బన్ వచ్చాడు. ఆ ఏడాది డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటలో మొదటి తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. రంగయ్య 1915లో ఇక్కడే చనిపోయాడు.

ఒక్కసారి ఆలోచించండి. 1853లో మూసేద్దామా అనుకున్న నెల్లూరు పని. యాభై ఏళ్ళ తర్వాత అదే నెల్లూరు నుంచి, ఆ పల్లెల వాళ్ళ పైసలతో, సముద్రం దాటి ఒక తెలుగు మిషనరీ వచ్చాడు. ఎవరో పిలిస్తే లోపలికి వచ్చినవాళ్ళు ఇప్పుడు వేరేవాళ్ళను పిలిచేవాళ్ళయ్యారు. అవ్వ చేతిలోని బైబిల్ అలా వచ్చిందే అయి ఉంటుందని నా నమ్మకం.

ఇక ఈ వ్యాసం ఎందుకు రాశానో చెప్పాలి.

మా తెలుగు తరగతికి ఏడుగురు పిల్లలు వచ్చేవాళ్ళు. ఈ ఏడాది మొదట్లో అవ్వ మునిమనవరాలిని వాళ్ళ అమ్మ తీసుకొచ్చింది. తొమ్మిదేళ్ళ పాప. ‘మా ఇంట్లో తెలుగు బైబిల్ ఉంది, చదివేవాళ్ళు లేరు, నేర్పిస్తారా’ అని అడిగింది. నేను సరే అన్నాను. ఆ వారమే ఇద్దరు తల్లిదండ్రులు నా దగ్గరకు వచ్చారు. ఇది గుడి తరగతి, మతం వదిలేసినవాళ్ళకు మన భాష ఎందుకు అన్నారు. ఆ పాప వస్తే తమ పిల్లలు రారన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. పండుగ వంటలకు అందరికంటే ముందు వచ్చేది వాళ్ళే.

నేను వెంటనే జవాబు చెప్పలేదు. పాప తల్లికి ఫోన్ చేసి, వేరే రోజు మా ఇంట్లోనే విడిగా నేర్పిస్తాను, అందరికీ బాగుంటుంది అని చెబుదామనుకున్నాను. ఫోన్ చేతిలోకి తీసుకున్నాక గుర్తొచ్చింది. విడిగా. వేరే రోజు. వెనక మెట్ల మీద. అది నీలం అంచు గ్లాసే కదా? మా అమ్మమ్మ కూడా అవ్వకు టీ లేదని ఎప్పుడూ అనలేదు. ప్రేమగానే ఇచ్చింది. విడిగా ఇచ్చింది.

ఫోన్ పెట్టేశాను. శనివారం పాప వచ్చింది. ఆ ఇద్దరు పిల్లలు రాలేదు. మొన్నటి దాకా ఏడుగురు, ఇప్పుడు ఆరుగురు. మా కమిటీలో కొందరికి నా మీద కోపంగా ఉంది. వెళ్ళిన ఇద్దరి మీద నాకు బెంగగా ఉంది, వాళ్ళు చక్కగా రాసేవాళ్ళు. తిరిగొస్తే వాళ్ళ కుర్చీలు అక్కడే ఉంటాయి.

మొదటి రోజు పాప తన సంచిలోంచి అవ్వ బైబిల్ తీసి బల్ల మీద పెట్టింది. అట్ట ఊడిపోయింది. మిగతా పిల్లలు చుట్టూ మూగారు. మొదటి పుటలో పెద్ద అక్షరం చూపించి, ఇదేమిటో ఎవరు చెబుతారు అని అడిగాను. అందరూ ఒకేసారి ‘ఆ’ అన్నారు.

తప్పులుంటే ఎప్పటిలాగే చెప్పండి, దిద్దుకుంటాను.